సైకిల్ నాది, స్పీడు వాడిది

నా మోచేతి మీద చింతగింజంత మచ్చ ఒకటుంది. ఎవరైనా అడిగితే సైకిల్ మీంచి పడ్డానని చెప్పి ఊరుకుంటాను, అసలు సంగతి చెబితే పరువు పోతుంది కాబట్టి. కుక్క తాడుని, అదే లీషుని, సైకిల్ హ్యాండిల్‌కి రెండు చుట్లు చుట్టి, కుక్కని పక్కన పరిగెత్తించుకుంటూ, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు ఛాతీ విరుచుకుని వెళ్తున్నాను. గోడ మీంచి పిల్లి దూకింది. అంతే. హ్యాండిల్ ఒక వైపు తిరిగింది, నేను ఇంకో వైపు పడ్డాను, సైకిల్ నా మీద పడింది. పిడుగు మాత్రం ఆ సైకిల్‌ని ఇంకో రెండడుగులు ఈడ్చి, వెనక్కి తిరిగి, "ఇప్పుడెందుకు పడుకున్నావ్?" అన్నట్టు చూశాడు.

పిడుగు మా కుక్క. ఫలానా జాతి అని చెప్పలేం, నాలుగైదు జాతులు కలిసి కూర్చుని మాట్లాడుకుని తయారు చేసినట్టుంటాడు. పొడుగు కాళ్ళు, సన్నటి నడుము, 19 కిలోల బరువు. కుక్కని పట్టుకుని "వాడు" అంటాడేంటి అని నవ్వుకుంటున్నారేమో, కుక్కని పెంచినవాళ్ళు నవ్వరు లెండి. పొద్దున గంట, సాయంత్రం గంట నడిపించినా ఇంటికొచ్చి చెప్పులు కొరికేవాడు, సోఫా తవ్వేవాడు. నా నడక వాడికి ఒక మూలకి కూడా రాలేదన్నమాట. సరే, సైకిల్ ఉంది కదా, వాడు పరిగెడతాడు, నేను తొక్కుతాను, ఇద్దరికీ వ్యాయామం అనుకున్నాను. పడ్డాకగానీ తెలియలేదు, దీనికి ఇంత లెక్క ఉందని. దెబ్బ తగ్గేదాకా ఇంట్లో కూర్చుని చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను, తర్వాత నాలుగేళ్ళుగా చేస్తున్నాను. ఇది ఆ లెక్క.

పడిన వారం తర్వాత డాక్టరమ్మగారి దగ్గరికి వాడిని తీసుకెళ్ళాను. నేనేమో ఏ హార్నెస్, అంటే ఒంటికి తొడిగే పట్టీల జోడు, కొనాలి, ఏ స్టాండు బిగించాలి అని అడగబోతుంటే, ఆవిడ ముందు అడిగింది "వయసెంత?" అని. అప్పటికి పదినెలలు. "అయితే సైకిల్‌ని ఇంకో ఆర్నెల్లు గోడకి ఆనించి పెట్టండి" అన్నారు. పిల్లకుక్కల ఎముకల చివర్లలో మెత్తటి పొర ఉంటుంది, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. పెరుగుదల పూర్తయ్యాక అది గట్టిపడి మూసుకుపోతుంది. చిన్న జాతుల్లో ఏడాది లోపే మూసుకుంటుంది గానీ, పెద్ద జాతుల్లో ఏడాదిన్నర, మరీ భారీ జాతుల్లో రెండేళ్ళదాకా పట్టొచ్చు. అది మూసుకోకముందే గట్టి నేల మీద ఒకే వేగంతో, ఒకే తీరులో గంటసేపు పరిగెత్తిస్తే ఆ పొర దెబ్బతినొచ్చు, కాలు వంకరగా పెరగొచ్చు. పిల్లకుక్క తనంతట తాను గెంతులేస్తే ఏం కాదు, అది కాసేపు గెంతి కాసేపు పడుకుంటుంది. సైకిల్ పక్కన ఆ స్వేచ్ఛ ఉండదు, అక్కడే వస్తుంది తేడా.

ఆ రోజు ఆవిడ గుండె చూశారు, తుంటి కీళ్ళు, మోచేతి కీళ్ళు తిప్పి చూశారు, బరువు చూశారు. అన్నీ బావున్నా ఆర్నెల్లు ఆగమన్నారు, ఆగాను. మీరు మొదలుపెట్టేముందు ఈ ఒక్క పని మాత్రం ఎగ్గొట్టకండి. కొన్ని కుక్కలకి అసలు ఇది వద్దే వద్దు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి మామూలుగా గాలి పీల్చుకోవడమే ఒక పని, వాటిని సైకిల్ వెనక పరిగెత్తించడం అంటే ముక్కు సగం మూసి మనల్ని మెట్లెక్కించినట్టు. డాక్స్‌హుండ్ లాంటి పొట్టికాళ్ళ, పొడుగు నడుం కుక్కలకి వెన్నుపూసల మధ్య డిస్కుల గొడవ ఎలాగూ ఉంటుంది. ముసలివి, కీళ్ళనొప్పులున్నవి, బాగా లావెక్కినవి కూడా అంతే. లావు తగ్గిద్దామని సైకిల్ ఎక్కేవాళ్ళుంటారు, అది తిరగేసిన లెక్క. ముందు తిండి తగ్గించి, నడిపించి బరువు దించి, ఆ తర్వాత పరుగు.

ఇప్పుడు అసలు విషయం. నడిచేటప్పుడు మనకీ కుక్కకీ ఒకే నేల, ఒకే ఎండ, ఇంచుమించు ఒకే అలుపు. మనం అలిసేలోపు దానికి ఏం కాదు. జాగింగ్‌లో అయితే కుక్క కన్నా ముందు మనమే చేతులెత్తేస్తాం. సైకిల్ ఎక్కగానే ఈ లెక్క తలకిందులవుతుంది. గంటకి 15 కిలోమీటర్ల స్పీడు మనకి కూనిరాగం తీసుకుంటూ తొక్కే స్పీడు, పక్కన ఉన్నదానికి మాత్రం అది ఆగకుండా చేసే పని. మనం కూర్చుని ఉన్నాం, మొహానికి గాలి తగులుతోంది, చల్లగా హాయిగా ఉంది. అదేమో నేలకి జానెడు ఎత్తులో, ఒంటినిండా బొచ్చుతో, కింద నుంచి వచ్చే సెగ మింగుతూ పరిగెడుతోంది. పైగా అది ఆగదు. "నా వల్ల కావట్లేదు" అని చెప్పదు. మనతో ఉండాలన్న పిచ్చిలో పడిపోయేదాకా పరిగెత్తే కుక్కలున్నాయి. అందుకే సైకిల్ తొక్కేది మనమే అయినా స్పీడు దాని చేతిలో, అంటే దాని కాళ్ళలో, ఉండాలి.

అది ఎలా తెలుస్తుందంటే, కాళ్ళు చూడాలి. కుక్క ముఖ్యంగా నాలుగు రకాలుగా కదులుతుంది. మామూలు నడక, దాని పైన ట్రాట్ అనే తేలికైన పరుగు, ఆ పైన కాంటర్ అనే గెంతు పరుగు, చివరికి దౌడు. ట్రాట్‌లో కాళ్ళు ఐమూలగా జతలుగా పడతాయి, ముందు కుడికాలు వెనక ఎడమకాలు ఒకసారి, ముందు ఎడమ వెనక కుడి ఇంకోసారి, టక టక టక టక అని కుట్టుమిషను సూదిలా. వీపు పెద్దగా ఊగదు, తల స్థిరంగా ఉంటుంది. ఎక్కువ దూరం తక్కువ అలుపుతో పోవడానికి కుక్క ఎంచుకునే నడక ఇదే. దౌడులోకి వెళ్ళిందంటే వీపు విల్లులా వంగి సాగుతుంటుంది, ఒక్కో అడుగుకీ కీళ్ళ మీద భారం పెరుగుతుంది. అది గడ్డి మైదానంలో బంతి కోసం అరనిమిషం చేసే పని, రోడ్డు మీద అరగంట చేయాల్సింది కాదు. నాకున్న స్పీడోమీటరు అదే మరి, పిడుగు కాళ్ళ చప్పుడు టకటక నుంచి తబడదబడకి మారిందంటే నేను ఎక్కువ తొక్కుతున్నట్టు. మా వాడికి అది గంటకి పది, పదకొండు కిలోమీటర్ల దగ్గర కుదిరింది. మీ కుక్క కాళ్ళ పొడుగుని బట్టి మీది వేరుగా ఉంటుంది. దిగుడులో జాగ్రత్త, మనం తొక్కకపోయినా సైకిల్ తనంతట తాను వేగం అందుకుంటుంది, ఆ సంగతి తెలియక కుక్కని లాక్కెళ్ళిపోతాం. నేను దిగుడంతా బ్రేకు మీద వేలుంచే వెళ్తాను.

జర్మనీలో పుట్టిన ఒక ఓర్పు పరీక్ష ఉంది కుక్కలకి, ఏ.డీ. అంటారు. సైకిల్ పక్కన 20 కిలోమీటర్లు, గంటకి 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో, ట్రాట్‌లో. మధ్యలో తప్పనిసరి విరామాలు, అప్పుడు పాదాలు, అలసట అన్నీ చూస్తారు. కనీస వయసు 16 నెలలు. ఇది చదివి కొందరు "ఓహో, 20 కిలోమీటర్లు మామూలేనన్నమాట" అనుకుంటారు. కాదండీ బాబూ, అది నెలల తరబడి తయారై రాసే పరీక్ష, దాన్ని రోజూ చేసే నడక అనుకుంటే ఎలా! మా వాడు నాలుగేళ్ళ తర్వాత కూడా మామూలుగా చేసేది ఐదారు కిలోమీటర్లు, అది కూడా రోజు విడిచి రోజు.

ఇక సామాను. హ్యాండిల్‌కి లీషు కట్టకూడదని నా మోచెయ్యి చెబుతుంది, చేతికి చుట్టుకోకూడదని విరిగిన మణికట్లు చెబుతాయి. చేత్తో పట్టుకుంటే వదిలేయొచ్చు కదా అనిపిస్తుంది గానీ, 19 కిలోల కుక్క ఒక్కసారి పక్కకి గుంజినప్పుడు వదలాలన్న ఆలోచన మెదడులో పుట్టేలోపు మనం నేల మీద ఉంటాం. ఒంటిచేత్తో బ్రేకు కూడా సరిగ్గా వేయలేం. దీనికోసమే సైకిల్‌కి బిగించే చెయ్యి లాంటి కడ్డీలు దొరుకుతాయి, కొన్ని సీటు కింద గొట్టానికి, కొన్ని వెనక చక్రం ఇరుసు దగ్గర బిగిస్తారు. కడ్డీ బయటికి చాచి ఉంటుంది కాబట్టి కుక్క చక్రానికి దూరంగా ఉంటుంది. లోపల స్ప్రింగో రబ్బరు తాడో ఉండి కుదుపుని మింగేస్తుంది. కొనేటప్పుడు చూడాల్సిన ముఖ్యమైన సంగతి, కుక్క గుంజే చోటు ఎంత కిందికుంటే అంత మంచిది. హ్యాండిల్ ఎత్తులో గుంజితే సైకిల్ ఒరుగుతుంది, చక్రం ఎత్తులో గుంజితే కాస్త జరుగుతుంది అంతే. ఎత్తుగా ఉన్న చెట్టుని కొమ్మ పట్టుకుని ఊపడానికీ మొదలు పట్టుకుని ఊపడానికీ ఉన్న తేడా. రెండోది, ఇరుక్కుపోతే ఊడిపోయేలా ఉండాలి. స్తంభానికి నేను ఇటు, వాడు అటు వెళ్ళామనుకోండి, ఏదో ఒకటి తెగాలి, అది కుక్క నడుము కాకూడదు.

కాలర్‌కి కట్టడం కూడా వద్దు. గొంతు మీద కుదుపు పడితే శ్వాసనాళానికి దెబ్బ. ముక్కుకి వేసే హాల్టర్ అయితే ఇంకా ఘోరం, ఆ వేగంలో మెడ ఒక్కసారిగా తిరిగిపోతుంది. సాగే తాడు చుట్టుకునే డబ్బా లీషులైతే చక్రంలో చుట్టుకోవడానికే పుట్టాయి. హార్నెస్ ఒక్కటే. అందులోనూ ఛాతీ ముందు భుజాలకి అడ్డంగా పట్టీ ఉన్నవి కొన్నాను మొదట్లో, చూడ్డానికి బావుంది కదా అని. వాడు ముందుకాళ్ళు పూర్తిగా చాచలేక చిన్న చిన్న అడుగులేసేవాడు, నాకేమో అది బద్ధకం అనిపించేది. ముందు నుంచి చూస్తే ఇంగ్లీషు వై అక్షరంలా కనిపించేది, భుజాలని వదిలేసేది తీసుకోవాలి. చంకల్లో ఒరుసుకుంటుందేమో మొదటి వారమంతా వేలుపెట్టి చూస్తూ ఉండండి.

ఏ వైపు కట్టాలి అంటే, వాహనాలు లేని వైపు. అంటే మనం కుక్కకీ బళ్ళకీ మధ్య గోడలా ఉండాలి. ఎడమ పక్కన వెళ్ళే చోట కుక్క ఎడమకి. ఎడమకి ఇంకో లాభం ఉంది, చైను కుడివైపు ఉంటుంది కదా, తోకకీ బొచ్చుకీ దాని బాధ లేదు. కుక్క ముందుండి లాగే ఆట వేరే ఉంది, బైక్‌జోరింగ్ అని, స్లెడ్జి కుక్కల ఆటల నుంచి వచ్చింది. దానికి లాగడానికే కుట్టిన హార్నెస్, రబ్బరు సాగుడున్న పొడుగు తాడు, ఆ తాడు ముందు చక్రంలో పడకుండా సైకిల్ ముందు ఒక కడ్డీ ఉంటాయి. అక్కడ కుడికి "గీ", ఎడమకి "హా" అంటారు. మేం చేసేది అది కాదు. పక్కన పరిగెత్తడం, ముందుండి లాగడం రెండూ కలిపేస్తే కుక్కకి ఏది ఎప్పుడో అర్థం కాదు, ఒకటి బాగా వచ్చాకే ఇంకోటి.

సైకిల్ కూడా చూసుకోవాలి. సీటు కాస్త దించాను, రెండు కాళ్ళూ నేలకి ఆనేలా. పెడల్స్‌కి పాదాలు బిగించే పట్టీలు ఉంటే తీసేయండి. బ్రేకులు బావుండాలి, బెల్ ఉండాలి, హెల్మెట్ మీకు తప్పనిసరి. చీకట్లో వెళ్తే వాడి హార్నెస్‌కి కూడా మెరిసే పట్టీ, చిన్న లైటు ఉండాలి, బండివాళ్ళకి సైకిల్ కనిపిస్తుంది గానీ దాని పక్కన నల్లకుక్క ఉందని తెలియదు.

నేర్పడం గురించి. చాలామంది తొందరపడేది ఇక్కడే, నేను పడింది కూడా ఇక్కడే. కుక్కకి సైకిల్ అంటే ఏంటో తెలియదు కదా. చప్పుడు చేస్తూ, మెరుస్తూ, ఒక్కోసారి మీద పడే ఇనప జంతువు అది. మొదటి మూడు నాలుగు రోజులు సైకిల్‌ని ఇంట్లో పడుకోబెట్టి దాని చుట్టూ బిస్కెట్లు వేశాను, వాసన చూసి తిన్నాడు. తర్వాత స్టాండు వేసి చక్రం తిప్పడం, బెల్ కొట్టడం, ప్రతిసారీ ఒక ముక్క. ఆ తర్వాత తొక్కకుండా చేత్తో తోసుకుంటూ నడిపించాను, ముందు వాడికీ సైకిల్‌కీ మధ్య నేను, తర్వాత మా ఇద్దరి మధ్య సైకిల్. ఇది వారం. పక్కింటి మాష్టారు రోజూ అరుగు మీంచి చూసేవారు, ఒకరోజు ఉండబట్టలేక "ఏం బాబూ, సైకిల్ పాడైందా, కుక్కకి సైకిల్ నేర్పుతున్నావా?" అన్నారు. రెండోదే మాష్టారూ అన్నాను.

ఈ నడకలోనే మాటలు నేర్పాలి. మాకు ఐదు మాటలున్నాయి. పద, నెమ్మది, ఆగు, ఇటు, వదిలేయ్. "నెమ్మది" అన్నాక రెండు క్షణాలకి బ్రేకు వేస్తాను, ఆ మాట చెప్పకుండా బ్రేకు వేస్తే వాడు ముందుకెళ్ళి కుదుపు తింటాడు. వాడి వైపు తిరిగేటప్పుడు "ఇటు" అంటాను, లేకపోతే ముందు చక్రం వాడి భుజానికి తగులుతుంది. వాడికి ఎదురు వైపు తిరిగేటప్పుడు వాడిది బయటి వలయం, నాకన్నా ఎక్కువ దూరం పోవాలి కాబట్టి నేను బాగా తగ్గిస్తాను. అన్నిటికన్నా విలువైనది "వదిలేయ్". పిల్లి, ఉడుత, ఎగిరే కవరు, ఎదురొచ్చే కుక్క, దేన్నైనా చూసి వదిలేస్తే బహుమతి. ఇది నడకలో నూటికి తొంభైసార్లు రానంతవరకు సైకిల్ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. రెండు నెలలు పట్టింది, పిల్లి విషయంలో మూడు.

బయల్దేరేముందు ఒకటీ రెండూ అయిపోవాలి. నవ్వకండి, ఇది భద్రత విషయం. కుక్క ఉన్నట్టుండి కూర్చుంటుంది, మనం తొక్కుతూ ఉంటాం, పాపం గోళ్ళు నేలకి రాసుకుంటూ ఈడ్చుకుపోతుంది. ఎలాగూ కాళ్ళు సాగాలి కాబట్టి మొదటి పది నిమిషాలు సైకిల్ తోసుకుంటూ నడుస్తాం, ఆ పనీ ఈ పనీ అయిపోతాయి. చివరి పది నిమిషాలు మళ్ళీ నడకే.

మొదటిసారి ఎక్కి తొక్కింది ఐదు నిమిషాలు. మొదటి రెండు వారాలు పది నిమిషాలు దాటలేదు, వారానికి మూడుసార్లు. తర్వాత కొంచెం కొంచెం పెంచాను. అన్నీ బావున్నాయి కదా అని ఆరో వారంలో ఒకరోజు ఉత్సాహం ఆపుకోలేక రెట్టింపు దూరం వెళ్ళాను. వాడు బ్రహ్మాండంగా పరిగెత్తాడు, తోక ఊపుకుంటూ ఇంటికొచ్చాడు, నీళ్ళు తాగి పడుకున్నాడు. సాయంత్రం లేవమంటే లేవడు. చూస్తే వెనక ఎడమ పాదం కింద మెత్త పైపొర లేచిపోయి ఎర్రగా మాంసం కనిపిస్తోంది, ముందు పాదంలో బొబ్బ. పరిగెత్తేటప్పుడు ఒక్కసారి కూడా కుంటలేదు. ఆ హుషారులో నొప్పి తెలియదు వాటికి, తెలిసినా ఆగవు. పదిహేను రోజులు కట్టు, ఆ కట్టు పీక్కోకుండా కాపలా. మన అరికాళ్ళు కాయ కాసినట్టే కుక్క పాదాల కింద మెత్తలు కూడా వారాల మీద గట్టిపడతాయి. గుండె, ఊపిరితిత్తులు ముందే సిద్ధమైపోతాయి, పాదాలు, కీళ్ళని పట్టి ఉంచే బంధనాలు వెనకబడి ఉంటాయి. కుక్కని చూస్తే ఇంకా పరిగెత్తేలా కనిపిస్తుంది, పాదం మాత్రం ఒప్పుకోదు. తారు, కాంక్రీటు కన్నా మట్టిబాట, గడ్డి మేలు. కంకర వద్దు.

వేడి గురించి చెప్పకుండా ఏది చెప్పినా దండగే. ఇందులో కుక్కలు చచ్చిపోయేది ఎక్కువగా బళ్ళ కింద పడి కాదేమో అనిపిస్తుంది నాకు, వేడికి. మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది, కుక్కకి పాదాల కింద కాస్త తప్ప చెమట లేదు. ఒగర్చడం ఒక్కటే దారి, నాలుక మీద, నోట్లో తడి ఆవిరై ఒళ్ళు చల్లబడాలి. కండరం పని చేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో ఇంచుమించు ముప్పావు వంతు వేడిగానే మారుతుంది, అంటే పరిగెత్తే కుక్క లోపల పొయ్యి మండుతున్నట్టే. గాలిలో తేమ ఎక్కువుంటే ఆవిరి కూడా సరిగ్గా కాదు, అందుకే ఎండ లేకపోయినా ఉక్కపోత రోజున ప్రమాదం అంతే. కుక్క మామూలు ఒంటి వేడి 38, 39 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది, 41 దాటిందంటే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. రెండు డిగ్రీలే తేడా!

నా నియమం ఇది. 20 డిగ్రీలు దాటితే దూరం సగం. 25 దాటితే సైకిల్ బయటికి రాదు. ఉక్కగా ఉంటే అంకె ఎంతైనా రాదు. తెల్లవారుజామునే వెళ్తాం, సాయంత్రం కాదు, ఎందుకంటే పగలంతా కాగిన తారు సూర్యుడు దిగినా చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటుంది. చేతి వెనక భాగం నేలకి ఆనించి ఏడు క్షణాలు ఉంచండి, ఉంచలేకపోతే అది కుక్క నడిచే నేల కూడా కాదు. వేసవి మొత్తం మా సైకిల్ దుమ్ము పట్టి ఉంటుంది. అన్నాళ్ళు ఏం చేస్తాడంటే, ఇంట్లో ముక్కు పని. దుప్పటి మడతల్లో, అట్టపెట్టెల్లో తిండి దాచి వెతికిస్తాను. పావుగంట వెతికాక గుర్రుపెట్టి నిద్రపోతాడు. ఆ ముక్కు పని కూడా పరుగంత అలుపే అని నాలుగేళ్ళ క్రితం తెలిసుంటే కొన్ని చెప్పులు మిగిలేవి.

పరుగులో నాలుక చూస్తుండాలి. మామూలుగా ఒగర్చేటప్పుడు నాలుక సన్నగా వేలాడుతుంది. వెడల్పుగా సాగి చివర గరిటెలా అయ్యిందంటే వేడెక్కుతున్నట్టు. చొంగ చిక్కబడి తీగలా సాగడం, చిగుళ్ళు బాగా ఎర్రబడటం, వెనకబడటం, నీడ కనిపిస్తే అటు లాగడం, పిలిస్తే చూడకపోవడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా దిగిపోవాలి. తూలడం, వాంతి, పడిపోవడం దాకా వస్తే అది వడదెబ్బ, ప్రాణం మీదకి వచ్చినట్టే. నీడకి తీసుకెళ్ళి, దొరికిన నీళ్ళు ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్టకిందా తొడల మధ్యా, ఆగకుండా పోస్తూ విసరాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే అది వెచ్చబడి దుప్పటిలా పని చేస్తుంది, పోస్తూనే ఉండాలి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకూడదు. ముందు చల్లబరచడం, ఆ తర్వాత ఆసుపత్రి. లేచి తిరుగుతున్నా సరే తీసుకెళ్ళాలి, లోపలి దెబ్బ కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. మాకు ఇంతదాకా రాలేదు. ఒకసారి గరిటె నాలుక దాకా వచ్చింది, మబ్బుగా ఉంది కదా అని వెళ్ళిన రోజు. చెట్టు కింద కూర్చుని నా సీసాలోవి, వాడి సీసాలోవి అన్నీ వాడి మీదే పోసి, సైకిల్ అక్కడే తాళం వేసి, వాడిని ఎత్తుకుని వచ్చాను. 19 కిలోలంటే ఎంతో ఆ రోజు తెలిసింది.

తిండి పెట్టి పరిగెత్తించకండి. పెద్దగా, లోతైన ఛాతీతో ఉండే కుక్కలకి, గ్రేట్‌డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మ్యాన్ లాంటివాటికి, కడుపు గాలితో ఉబ్బి మెలితిరిగిపోయే జబ్బు వస్తుంది, గంటల్లో ప్రాణం తీస్తుంది. తిన్నాక రెండు మూడు గంటలు పరుగుకి, పరిగెత్తి వచ్చాక గంట తిండికి దూరంగా ఉంచుతాను. నీళ్ళు మాత్రం దారిలో పావుగంటకోసారి కొద్ది కొద్దిగా. ఒక్కసారి బకెట్ ముందు పెట్టొద్దు.

రూల్స్ ఒక్కో దేశానికి ఒక్కోలా ఉన్నాయి. జర్మనీ రోడ్డు చట్టంలో మోటారు బండి మీంచి జంతువుల్ని నడిపించడం నిషేధం, సైకిల్ మీంచి అయితే కుక్కల్ని మాత్రమే నడిపించొచ్చు అని రాసుంది. ఆ "మాత్రమే" చదివి చాలాసేపు నవ్వుకున్నాను, ఇంకేం తీసుకెళ్ళారో ఎవరో. మీ దగ్గర ఏముందో ఒకసారి చూసుకోండి. స్కూటర్ పక్కన పరిగెత్తించేవాళ్ళని చూస్తుంటాను, పొగ గొట్టం సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది. దాని గురించి రాయడం మొదలుపెడితే నా నోరు మంచిది కాదు.

లీషు లేకుండా వస్తుంది మా కుక్క, చెప్పిన మాట వింటుంది అనేవాళ్ళకి నేనేం చెప్పను, పిల్లి చెబుతుంది. ఎదురుగా వేరే కుక్క కనిపిస్తే నేను దిగిపోతాను, సైకిల్‌ని మా ఇద్దరికీ దానికీ మధ్య అడ్డం పెట్టి నడుచుకుంటూ దాటుతాం. దిగడంలో నామోషీ ఏం లేదు. దిగకపోవడంలో ఉంది, మోచెయ్యి చూపించమంటే చూపిస్తాను.

పిడుక్కి ఇప్పుడు ఐదేళ్ళు దాటాయి. ఇంటికి రాగానే గుమ్మం దగ్గర కూర్చోబెట్టి తడిగుడ్డతో పాదాలు తుడుస్తాను, వేళ్ళ మధ్య ముళ్ళు, రాళ్ళు, గోటి చివర్లు, మెత్తల మీద పగుళ్ళు ఒక్కొక్కటీ చూస్తాను. మూడు పాదాలు వాడే ఒకదాని తర్వాత ఒకటి ఇస్తాడు. వెనక ఎడమది మాత్రం ఇవ్వడు. కట్టు విప్పి నాలుగేళ్ళయింది, మచ్చ కూడా కనపడదు, అయినా సరే దాన్ని ఒంటికిందికి లాక్కుని, మొహం అటు తిప్పుకుని, నేను పక్కన చతికిలబడి బతిమాలేదాకా అలాగే కూర్చుంటాడు.